ఊరికే ఇచ్చే సూదిమందు

సత్యవేడు దగ్గర ఒక పల్లె మాది. నాయన కూరగాయల మండీలో వేలం పాడేవాడు. ఆయన గొంతెత్తితే రోడ్డు మీద లారీ హారన్ కూడా వినపడదనేవాళ్లు. మాకు తిండి పెట్టింది ఆ గొంతే.

అమ్మకేమో పిసినారి అని పేరు. పెట్టింది మా మేనత్త, నాయనకు అక్క. మా మరదలు రసంలో చింతపండు కూడా తూకమేసి వేస్తుందని పెళ్లిళ్లలో నలుగురి ముందూ చెప్పి నవ్వించేది. అమ్మ కూడా నవ్వేది. ఇంటికొచ్చాక మాత్రం రెండు రోజులు ఎవరితోనూ మాట్లాడేది కాదు.

ఒక పొద్దున నాయన చేతిలోంచి కాఫీ గ్లాసు జారింది. మూతి ఒక పక్కకు పోయింది. ఏదో అన్నాడు, మాట ముద్దగా వచ్చింది. పక్క టౌన్లో సర్కారు ఆసుపత్రి ఉంది. అక్కడ స్కానింగ్ మిషన్ పెట్టారని, తిరుపతి డాక్టరు టీవీలోనే రోగిని చూసి సూదిమందు వేయిస్తాడని, తొందరగా పోతే మాటా చెయ్యీ దక్కుతాయని, రూపాయి అడగరని ఆశా వర్కరు అంతకుముందే ఇంటింటికీ చెప్పిపోయింది. నేను ఆటో పిలిచాను.

అమ్మ ఎక్కలేదు.

"ఊరికే ఇచ్చే సూదేయించి, టీవీకి సూపించి తెచ్చిందంటారు. నా మొగున్ని తిరుపతికే తీసకపోతా. కారు పిలువు."

కారు బాడుగ ఎంతని కూడా అడగలేదు. కమ్మలు కుదువపెట్టి డబ్బు తెచ్చేదాకా కారు వాకిట్లోనే నిలబడింది. దారంతా నాయన తల అమ్మ ఒళ్లోనే ఉంది. మొదట్లో ఏదో గొణిగాడు. పుత్తూరు దాటాక అదీ ఆగిపోయింది.

తిరుపతిలో స్కానింగ్ చూసి, సూదిమందుకు వేళ దాటిపోయిందన్నాడు డాక్టరు. ఏ ఊరని అడిగాడు. చెప్పాను.

"ఆ టీవీలో కనపడేది నేనేనమ్మా. పొద్దున్నుంచి ఈడే ఉండాను. సూదిమందు మీ పక్కనే ఉండాది గదా."

ఆయన కోప్పడలేదు. కోప్పడి ఉంటే బాగుండేది. అమ్మకు విషయం తలకెక్కలేదు. మందు ఎంతవుతుందో చెప్పమని, ఎంతైనా కడతానని అంటూనే ఉంది.

కమ్మలు తిరిగి రాలేదు. కొంత చేను కూడా పోయింది. రోగులు రావడం లేదు, ఖర్చు దండగ, ఆ టీవీ వైద్యం తీసేయాలనుకుంటున్నారని తర్వాతెప్పుడో విన్నాను. రోగులు ఎందుకు రావడం లేదో మమ్మల్ని ఎవరూ అడగలేదు. అడిగుంటే చెప్పేదాన్ని.

మేనత్త చూడటానికొచ్చింది. తమ్ముడి చెయ్యి పట్టుకుని ఏడ్చి, మా తమ్ముని కోసం కర్చుకు ఎనకాడలేదమ్మా నువ్వు అని అమ్మను మెచ్చుకుంది. ఆ మాట కోసం అమ్మ ఇన్నేళ్లు ఎదురుచూసింది. విని, లేచి వంటింట్లోకి వెళ్లిపోయింది.

కూరలో ఉప్పు తగ్గితే నాయన మండీలో పాడినట్టే వీధికంతా వినపడేలా తిట్టేవాడు. మొన్న అమ్మ కావాలనే ఉప్పు లేకుండా వండింది. ఒక ముద్ద పెట్టి, ఆయన మొహంలోకి చూస్తూ కూర్చుంది.

"బాగలేదని తిట్టయ్యా. ఒక్క మాట, సాలు."

నాయన మింగి, ఇంకో ముద్ద కోసం నోరు తెరిచాడు.