తెర పక్కన దగ్గు

గుసగుసయ్య అన్న పేరు ఆయనకు నాటక సమాజం వాళ్లు పెట్టింది. తెర పక్కన పుస్తకం పట్టుకుని నిలబడి, నటులు మరిచిపోయిన మాట అందించడం ఆయన పని. ఇంట్లో ఉప్పు కావాలన్నా గుసగుసగానే అడిగేవాడు. సమయం మించిపోతే మాత్రం ఒక్కసారి దగ్గేవాడు. ఆ దగ్గు వినబడిందా, నటులు నడుస్తున్న రంగం వదిలేసి తర్వాతి రంగంలోకి దూకాలి. అది వాళ్ల కట్టుబాటు.

అలాంటి మనిషికి, కూతురు మొదటిసారి వేషం కట్టే వారమే పొడిదగ్గు పట్టుకుంది. పిల్లకున్నది ఒకే ఒక్క రంగం. ఈయన దగ్గితే అదీ ఎగిరిపోతుంది.

"ఈ పూట నా దగ్గు పట్టించుకోకు బాబూ," అని హీరోని బతిమాలాడు. అతను సరేనన్నాడు. కానీ ఏళ్ల తరబడి పాతుకున్న అలవాటు మాట వింటుందా?

భార్య తన వైద్యమంతా ఆయన గొంతులో పోసింది. అల్లం రసంలో తేనె కలిపింది, మిరియాల కషాయం పట్టింది, అతిమధురం నమిలించింది. పాడు దగ్గు దేనికీ లొంగలేదు. చివరికి నాటకం రోజున ఎండిన దానిమ్మ తొక్క బుగ్గన పెట్టింది.

"ఊరిన రసం మింగుతూ ఉండండి. నోరు మాత్రం తెరవకండి."

"తెరవకపోతే మాట ఎలా అందించనే?"

"మన పిల్ల మరిచిపోదులెండి."

మరిచిపోయింది. రంగం మధ్యలో ఆగి, బిక్కమొహం వేసుకుని తండ్రివైపు చూసింది. ఆయనకు ముందు నుయ్యి, వెనక గొయ్యి. నోరు తెరిస్తే దగ్గు, తెరవకపోతే పిల్ల నవ్వులపాలు. కళ్లలో నీళ్లు తిరిగాయి. తెగించి నోరు తెరిచాడు. మాట రాలేదు, దగ్గే వచ్చింది.

అన్న వేషంలో ఉన్న హీరో టక్కున తర్వాతి రంగం మాట అందుకుని, గుమ్మంవైపు నడిచాడు. గుసగుసయ్య తనను తానే తిట్టుకున్నాడు. పాపిష్టి గొంతు, కన్నకూతురి నోటి దగ్గర ముద్ద లాగేసింది!

కూతురు మాత్రం కదల్లేదు. వారంగా గోడ అవతల ఆ దగ్గు వింటూనే పడుకున్న పిల్ల. నాన్న సైగ ఏదో, నాన్న జబ్బు ఏదో ఆమెకు తెలుసు. వెళ్లి హీరో చెయ్యి పట్టుకుంది.

"ఆగన్నయ్యా! నేను చెప్పేది ఇంకా అవలేదు."

పుస్తకంలో ఆ మాట లేదు. కానీ అది అనగానే మరిచిపోయిందంతా గుర్తొచ్చింది. చివరిదాకా తడబడకుండా చెప్పింది.

గుసగుసయ్య పుస్తకం మూసేశాడు. కండువా నోట్లో కుక్కుకుని దగ్గుతూ, ఏడుస్తూ, మొదటిసారి నాటకం చూశాడు.