కొండ మీద మిరప బరకం

మా వైపు కొండ అంటే పైన దేవుడైనా ఉండాలి, పక్కన క్వారీ అయినా ఉండాలి. ఈ రెండూ లేని కొండను ఊరికే ఎక్కి ఊరికే దిగొస్తామంటే మా ఊళ్ళో ఎవరూ నమ్మరు. అందుకే మా అమ్మాయి ఒక ఆదివారం సాయంత్రం బూట్ల నిండా ఎర్రమట్టితో, మోచేతుల మీద ముళ్ళ గీతలతో ఇంటికొచ్చి, స్నేహితులతో కలిసి కొండెక్కి వస్తున్నానని చెప్పగానే మా ఆవిడ చేతిలో పని ఆపి అడిగిన మొదటి మాట, “ఏం మొక్కుకున్నావే?”

“మొక్కేం లేదమ్మా. ట్రెక్కింగ్.”

“మొక్కు లేకుండా అంత ఎత్తు ఎందుకెక్కావే? ఏమన్నా అయితే ఏ దేవుడికి చెప్పుకోవాలి?”

మా అమ్మాయి నవ్వి బూట్లు విప్పుకోవడం మొదలుపెట్టింది. నాకు మాత్రం అప్పుడే ఒక ఆశ పుట్టింది. దాని సంగతి చెప్పాలంటే మా ఫోన్ల సంగతి చెప్పాలి.

నేను సత్తెనపల్లికి ఇవతల ఒక పల్లెలో మిరప, పత్తి వేసే రైతును. మాకు ఒక్కతే కూతురు. పదో తరగతి అవగానే గుంటూరు దగ్గర హాస్టల్లో పెట్టి ఇంటర్ చదివించాం. అక్కణ్ణుంచి ఇంజనీరింగు, ఆ తర్వాత విజయవాడలో ఉద్యోగం, తాడేపల్లిలో గది. నేను ఫోన్ చేస్తే “తిన్నావా అమ్మా?” అంటాను. “తిన్నా నాన్నా” అంటుంది. “ఎండలు ఎట్టా ఉన్నాయి?” అంటాను. “ఉన్నాయి నాన్నా” అంటుంది. అంతే, ఇద్దరికీ మాటలు అయిపోతాయి. “అమ్మకివ్వు” అంటుంది. ఇస్తాను. ఇక వాళ్ళిద్దరూ గంటసేపు మాట్లాడుకుంటూ ఉంటే నేను పక్కన కూర్చుని సగం మాటలు వింటాను. సిగ్గు విడిచి చెబుతున్నాను, ఆ గంట చూసి నాకు మా ఆవిడ మీద అసూయగా ఉండేది.

“మళ్ళీ ఎప్పుడు ఎక్కుతున్నారమ్మా?” అని అడిగాను.

“వచ్చే నెల నాన్నా. మన చేలోంచి కనపడుద్దే, కొండవీడు వరసలో చివరి కొండ, అదే. కాకపోతే దారి తెలిసినవాళ్ళు దొరకట్లేదు.”

“నేను లేనా? ఆ కొండ నాకు కొట్టినపిండి.”

యాభై నాలుగేళ్ళుగా ఆ కొండను రోజూ చూస్తున్న మాట నిజం. దాని మీద మబ్బు దిగితే, కల్లంలో కాయలు కప్పమని కేకలేసిన మాటా నిజం. కానీ ఒక్కసారి కూడా దాని దగ్గరికి పోయిన పాపాన పోలేదు. ఏం పని? పైన దేవుడు లేడు.

మా అమ్మాయి నన్ను పైనుంచి కింది దాకా చూసింది. ముఖ్యంగా మోకాళ్ళు చూసింది. “సరే రా. కానీ వాళ్ళ ముందు నన్ను ‘బుజ్జికన్నా’ అని పిలవకూడదు. అన్నీ నీకే తెలిసినట్టు క్లాసులు పీకకూడదు. ఈసారి బాగా జరిగితే మళ్ళీ తీసుకెళ్తా.”

ఆ చివరి మాట దగ్గర నా చెవి ఆగిపోయింది. అంటే నాకిది పరీక్ష. పాసైతే నెలకొక ఆదివారం మా అమ్మాయి నాది. ఫెయిలైతే మళ్ళీ ‘తిన్నావా’, ‘తిన్నా’.

వారం ముందు ఫోన్లో ఒక జాబితా పంపింది. ఏమేం తెచ్చుకోవాలో అందులో ఉంది. బూట్లు, టోపీ, రెండు లీటర్ల నీళ్ళు, గ్రౌండ్ షీట్. ఆ చివరిది ఏమిటని ఫోన్ చేశాను.

“కింద పరుచుకోవటానికి నాన్నా. నేను కొనుక్కొస్తాలే.”

“కొనటం ఏంది? ఇంట్లో పన్నెండు బరకాలు పెట్టుకుని నువ్వు గుడ్డముక్క కొనుక్కొస్తావా?”

బరకమంటే టార్పాలిన్. కోసిన మిరపకాయలను కల్లంలో దాని మీదే ఎండబోస్తాం, మంచు పడకుండా దాంతోనే కప్పుతాం. ఫిబ్రవరి నెల కదా, బరకాలన్నీ పనిలోనే ఉన్నాయి. కాయలు తీసి సంచులకెత్తేసిన ఒక నీలం బరకం మాత్రం ఖాళీగా దొరికింది. ఆ ఏడు కొన్నదే. తళతళలాడుతోంది.

“కడిగి తీసుకెళ్ళండి” అంది మా ఆవిడ.

“దులిపాలే.”

“దులిపితే పోద్దా?”

నేను పద్ధతి గల మనిషిని. నాలుగుసార్లు దులిపాను. ముక్కు దగ్గర పెట్టుకుని గట్టిగా పీల్చి మరీ చూశాను. ఏ వాసనా లేదు. చుట్ట చుట్టి, తాడు కట్టి, భుజానికి తగిలించుకున్నాను. మా ఆవిడ పెద్ద క్యారేజీ నిండా దద్దోజనం పెట్టి, ఒక కొబ్బరికాయ కూడా సంచిలో వేసింది. గుడి లేదే అంటే, “మీకు తెలీకుండా ఏ బండ కిందో దేవుడు ఉండకపోడు” అంది.

ఆదివారం తెల్లవారగానే మా అమ్మాయి ఇద్దరు ఆఫీసు స్నేహితులతో కారులో దిగింది. ఒకబ్బాయి, ఒకమ్మాయి. అబ్బాయి చేతిలో మడిస్తే మూరెడయ్యే చేతికర్ర ఉంది. అమ్మాయి మొహానికి తెల్లగా ఏదో పూసుకుంది, ఎండకట. ఇద్దరూ “నమస్తే అంకుల్” అన్నారు. నేను పెద్దరికంగా తలూపి ముందు నడిచాను.

కొండ కింద దారులు చాలానే ఉన్నాయి. అన్నిటికంటే వెడల్పుగా ఉన్నదాన్ని ఎంచుకున్నాను. అది ఒక పొద దాకా వెళ్ళి ఆగింది. రెండోది ఇంకో పొద దాకా వెళ్ళింది. మూడోది మమ్మల్ని చక్కగా తిప్పి మొదట బయల్దేరిన బండ దగ్గరికే తెచ్చింది. అక్కణ్ణుంచి బయల్దేరి ముప్పావుగంట తర్వాత మళ్ళీ అదే బండను చూసినప్పుడు, అబ్బాయి దానికి ఫోటో తీసుకున్నాడు. మా అమ్మాయి టైము చూసుకుంది. అది చూసి నాకు భయం వేసింది.

అప్పుడు పైనుంచి ఒక కేక వినపడింది. మేకలు కాసే ఆమె, నా ఈడుదే, చేతిలో కొమ్మలు వంచే దోటితో నిలబడి మమ్మల్ని చూస్తోంది.

“ఏందయ్యా, పొద్దుట్నించీ ఆ బండ చుట్టూ తిరగతన్నారు? సర్వేకొచ్చారా?”

“సర్వే కాదమ్మా. పైకెక్కుదామని.”

“పైనేముందని? గుళ్ళేదుగా.”

“ఊరికే.”

“ఊరికేనా!” ఆమె నవ్వింది. “క్వారీవోళ్ళమని చెప్పొచ్చుగా, నేనెవరికీ చెప్పన్లే. అదుగో, ఆ సీతాఫలం చెట్ల ఎనక నించి దారి. మా మేకలక్కూడా తెలుసు.”

స్నేహితులిద్దరూ మొహాలు పక్కకు తిప్పుకుని నవ్వుకున్నారు. మా అమ్మాయి నా పక్కకొచ్చి నెమ్మదిగా, “నాన్నా, నువ్వసలు ఈ కొండ ఎప్పుడైనా ఎక్కావా?” అంది.

“చిన్నప్పుడు. అప్పుడు దారి వేరేచోట ఉండేది.”

ఎక్కడం గురించి ఎక్కువ చెప్పను. ఆయాసం వచ్చినప్పుడల్లా ఆగి, చుట్టూ ఉన్న చెట్ల పేర్లు చెప్పాను. అలా దాదాపు నలభై చెట్ల గురించి చెప్పాను. పేర్లు అయిపోయాక రాళ్ళ గురించి మొదలుపెట్టాను. క్లాసులు పీకకూడదన్న షరతు గుర్తుంది గానీ, ఊపిరి కూడా కావాలి కదా. రెండు గంటలకు పైకి చేరాం.

పైన చదునైన పెద్ద బండ ఉంది. గాలి విసురుగా వీస్తోంది. అందరి ఒళ్ళూ చెమటతో తడిసి ముద్దయింది. నేను భుజం మీది బరకం దించి, తాడు విప్పి, ఒక్క విసురుతో బండంతా పరిచాను. పదిమంది పడుకోవచ్చు. “అంకుల్, సూపర్!” అన్నాడు అబ్బాయి. ముగ్గురూ బోర్లా ఒకరు, వెల్లకిలా ఇద్దరు దాని మీద వాలిపోయారు. మా అమ్మాయి చెంప బరకానికి ఆనించి, కళ్ళు మూసుకుని, “థాంక్స్ నాన్నా” అంది. పాసయ్యాననుకున్నాను.

ముందు స్నేహితురాలు తుమ్మింది. తర్వాత అబ్బాయి తుమ్మాడు. ఆపైన ఇద్దరూ పోటీ పడ్డారు.

“కొండగాలి పడలేదు మీకు. పట్నం ముక్కులు కదా” అన్నాను. “లేచి కూర్చుని గట్టిగా పీల్చండి. లోపలికి.”

పాపం, పెద్దవాణ్ణని గౌరవించి పీల్చారు. తుమ్ములు రెట్టింపయ్యాయి. అబ్బాయి చెమట పట్టిన అరచేతులతో మొహం గట్టిగా తుడుచుకున్నాడు. తుడుచుకుని ఒక అరుపు అరిచాడు. కింద దుమ్మేమైనా ఉందేమోనని వాళ్ళను లేపి, బరకం రెండు కొసలూ పట్టుకుని వాళ్ళకు ఎదురుగా నిలబడి బలంగా దులిపాను. గాలి నా వైపు నుంచి వాళ్ళ వైపు వీస్తోందన్న సంగతి నేను చూసుకోలేదు.

ఆ తర్వాత కొండ మీద మాటలు లేవు, కేకలే. అబ్బాయి సీసా నీళ్ళు మొహం మీద గుమ్మరించుకున్నాడు. మంట మెడ దాకా పాకింది. స్నేహితురాలు బండ చుట్టూ పరుగులు తీస్తోంది. మా అమ్మాయి మాత్రం కదలకుండా కూర్చుని, కళ్ళు బిగించి మూసుకుని, “నాన్నా, ఇది కల్లం బరకమా?” అంది.

“అవునమ్మా.”

“కడిగావా?”

“దులిపాను.”

ముప్ఫై ఏళ్ళు కల్లంలో గడిపిన ముక్కుకు మిరప ఘాటు తెలియదని నాకు ఆ రోజే తెలిసింది. పదిహేను రోజులు కాయలు మోసిన బరకాన్ని నేను వాసన చూసి పాస్ చేశాను. నాకు మాత్రం ఒక్క తుమ్ము కూడా రాలేదు.

అయితే మంటకు ఏం చేయాలో మాకు తెలిసినంత ఇంకెవరికీ తెలియదు. నీళ్ళు పనికిరావు. నూనె కావాలి, లేదా పెరుగు కావాలి. క్యారేజీ తెరిచాను. అన్నంలోంచి పెరుగును వేరు చేసే తీరిక లేదు. మా ఆవిడ తాలింపులో వేసిన పచ్చిమిరపకాయ ముక్కలను మాత్రం ఒక్కటి కూడా మిగలకుండా ఏరి పారేశాను. తర్వాత గుప్పెడు గుప్పెడు తీసి ముగ్గురి మొహాలకూ మెత్తాను.

“అంకుల్, ఏదో గుచ్చుకుంటోంది.”

“ఆవాలు బాబూ. అరగంట కళ్ళు తెరవకు.”

సరిగ్గా అప్పుడే మేకలామె పైకొచ్చింది. మొహాల నిండా అన్నం మెతుకులతో కళ్ళు మూసుకుని వరసగా కూర్చున్న ముగ్గురినీ, వాళ్ళ ముందు క్యారేజీ పట్టుకున్న నన్నూ, సంచిలోంచి దొర్లిపడ్డ కొబ్బరికాయనూ చూసింది.

“క్వారీ కాదన్నమాట” అంది గొంతు తగ్గించి. “నిధుల కోసమా?” నా జవాబు కోసం ఆగకుండా మేకలను అదిలించుకుంటూ గబగబా దిగిపోయింది.

స్నేహితులిద్దరూ బండకు అవతలి వైపు నీడలో పడుకున్నారు. మా అమ్మాయి నా పక్కనే కూర్చుంది. ఏమీ కనపడదు కాబట్టి నా మణికట్టు గట్టిగా పట్టుకుంది. ఇక నాకు ఆదివారాలు లేవని అర్థమైపోయింది.

“తప్పయిపోయిందమ్మా. నీ స్నేహితుల ముందు పరువు తీశాను.”

ఆ మాట పట్టించుకోలేదు. “నాన్నా, ఇక్కణ్ణుంచి గుంటూరు కనపడుతోందా?” అంది.

చూశాను. “ఆ తూర్పున మసకమసగ్గా ఏవో మేడలున్నాయి.”

“మా హాస్టలు అటే. మూడో అంతస్తులో, బాత్‌రూముల పక్క కిటికీలోంచి ఈ కొండ కనపడేది. నువ్వు ఆదివారం వచ్చి పచ్చడి సీసా ఇచ్చి, పది నిమిషాల్లో వెళ్ళిపోయేవాడివిగా. నువ్వెళ్ళాక ఆ కిటికీ దగ్గర నిలబడేదాన్ని. కొండ అవతలే మన చేను, నాన్న ఈపాటికి ఇంటికి చేరుంటాడు అనుకుంటా ఏడ్చేదాన్ని. రెండేళ్ళు. ఎప్పటికైనా ఈ కొండెక్కి అటూ ఇటూ చూడాలని అప్పుడే అనుకున్నా.”

ఆ పది నిమిషాలు నాకు బాగా గుర్తున్నాయి. గేటు దగ్గర నిలబడి మాటిమాటికీ టైము చూసుకునేవాణ్ణి. కల్లంలో కాయలు ఆరబోసి ఉండేవి, మబ్బు పట్టేది, ఏదో ఒకటి. “బాగా చదువుకో” అని బండి స్టార్ట్ చేసేవాణ్ణి. తను చెయ్యి ఊపేది. మా అమ్మాయి హాస్టల్లో ఒక్కరోజు కూడా ఏడవలేదని ఊరంతా గొప్పగా చెప్పుకున్నాను.

“ఎందుకు చెప్పలేదమ్మా?”

“చెబితే తీసుకెళ్ళేవాడివా?”

తీసుకెళ్ళేవాణ్ణి కాదు. ఇంకో పచ్చడి సీసా ఇచ్చి వచ్చేవాణ్ణి. ఆ కొండ మీద మిరప ఘాటుతో పని లేకుండా కళ్ళు తడిసింది నాకొక్కడికే.

తర్వాత కూడా చాలాసేపు మాట్లాడింది. హాస్టలు గురించి, ఇప్పటి ఉద్యోగం గురించి, ఆఫీసులో తనంటే పడని ఒకావిడ గురించి. కళ్ళు మూసుకునే చెప్పింది. నేను వింటూ కూర్చున్నాను. గంట దాటిందని తర్వాత తెలిసింది.

మంట చల్లబడ్డాక కళ్ళు కొద్దిగా తెరిచింది. మంకెనపువ్వుల్లా ఎర్రగా ఉన్నాయి. పడమటి వైపు తిరిగి నిలబడింది.

“మన చేను ఏది నాన్నా?”

లేచి చూశాను. కింద ఎటు చూసినా ఎర్రెర్రగా కల్లాలే. వాటి మధ్య పత్తి చేలు, కాలవ గట్లు. అన్నీ ఒకేలా ఉన్నాయి. ఇన్నేళ్ళూ అక్కణ్ణుంచి ఇటు చూశానే గానీ, ఇక్కణ్ణుంచి అటు ఒక్కసారి కూడా చూడలేదు. అలవాటు కొద్దీ ఏదో ఒక కల్లం చూపిద్దామని చెయ్యి సగం దాకా లేపాను. మళ్ళీ దించేశాను.

“తెలీట్లేదమ్మా” అన్నాను. మా ఇంట్లో ఆ మాట నా నోట ఎవరూ విని ఉండరు.

మా అమ్మాయి నా వైపు వింతగా చూసింది. కనుబొమ్మ మీద ఒక అన్నం మెతుకు ఎండిపోయి ఉంది. “పోనీలే. ఇంకోసారి వచ్చి వెతుకుదాం” అంది.

“ఎప్పుడు?” అన్నాను.