బూడిద దగ్గర పాట

పాట ఎత్తుకునే ముందు మియావ్ గుయ్‌లాన్ రెండు వేళ్లతో గొంతు నొక్కి చూసుకుంటుంది. చైనాలోని హెనాన్ గోధుమ చేల నడుమ ఉన్న ఆ పల్లెలో ఏ విశ్వాసి పోయినా, తెల్ల అంగీ తొడుక్కుని శవపేటిక దగ్గర చర్చి పాటబృందానికి ముందుండి పాడేది ఆమే. పోయినవాళ్లకు ఆ లోకంలో ఖర్చుకని ఉత్తుత్తి కాగితపు డబ్బు కాల్చడం చర్చి ఒప్పుకోదు. అందుకే కన్నతల్లి పోయినప్పుడు కూడా ఆమె ఒక్క కాగితం కాల్చలేదు. అన్నదమ్ములు ఇప్పటికీ ఆ మాటతో పొడుస్తుంటారు.

ఆమె భర్త పోయిన సాయంత్రం పాటబృందం వాకిట్లోకి వచ్చింది. పేటిక దగ్గర మరిది కాల్చిన కాగితాల బూడిద చూసి సంఘపెద్ద చియావ్ ఆగిపోయాడు. “అక్కా, ఇక్కడ మేం పాడకూడదు.”

“కాల్చింది నేను కాదయ్యా. ఇన్నేళ్లు మీతో కలిసి పాడానే! ఆయనా బాప్తిస్మం తీసుకున్నవాడే.”

“నీకు తెలియని నియమమా?” అని చియావ్ అందరినీ వెనక్కి తీసుకుపోయాడు.

“మీ దేవుడికి పొగ పడదేంటి వదినా?” అన్నాడు మరిది.

మర్నాడు తెల్లవారగానే ఆమె తెల్ల అంగీ తొడుక్కుంది. పేటిక ముందు కూర్చుని భర్తకొక కాగితం, అమ్మకొక కాగితం అంటించింది. అవి కాలుతుండగా రెండు వేళ్లతో గొంతు నొక్కి చూసుకుని, ఒక్కతే పాట ఎత్తుకుంది.