అవ్వ ఊకొట్టని ముగింపు

మా అవ్వను నేనొక కథతో బాధపెట్టాను. ఇంట్లో ఎవరికీ తెలియని ఆ సంగతిని నేనుండగానే రాసిపెట్టడం న్యాయమనిపిస్తోంది. మొన్న మనవరాలు ఫోనులోని మాట్లాడే యంత్రానికి ఊకొట్టడం నేర్పి, "తాతా, ఏదన్న కత జెప్పు, వింటది" అంది. పాత మరమనిషి కథే నోటికొచ్చింది. చివర వాడు చచ్చిపోయాడన్నా అది హాయిగా ఊ అంది.

ఏడో తరగతితో బడి ఆగిపోయిన నేను, దూలపల్లిలో రేకుల షెడ్డులో పనిచేసే రోజుల్లో, ఆదివారమల్లా సైకిలు మీద మేడ్చల్ లైబ్రరీకి పోయి, అట్టలూడిన పుస్తకాలన్నీ చదివి పెద్ద పండితుణ్ణనుకునేవాణ్ణి. రాక్షసుడి ప్రాణం ఏడు సముద్రాల అవతలి చిలుకలో ఉండే కథ మన వయసువాళ్ళకు చెప్పక్కర్లేదు. అక్కడ చదివిన ఒక సైన్సు కథలో, ఇంటిపని చేసే మరమనిషికి ఆ ఇంటి పాప సరిగ్గా ఆ కథే చెబుతుంది. అప్పటి నుంచి వాడు తన ప్రాణమెక్కడుందోనని వెతుకుతాడు. అది వాణ్ణి చేసిన శాస్త్రవేత్త బీరువాలో, గాజుబుడ్డిలో ఉంటుంది. చిన్నప్పుడు అవ్వ చెప్పిన చిలుక శాస్త్రవేత్తల దాకా పోయిందని పొంగిపోయాను.

ఆ కథ చెబుదామని శామీర్‌పేటలోని మా ఇంటికొచ్చేసరికి అవ్వ మంచంలో ఉంది. ఇక లాభం లేదని ఆస్పత్రివాళ్ళు పంపేశారు. ఆమెకు మేం చెప్పలేదు. మా ఇంట్లో వినేవాళ్ళు ఊకొట్టాలి, ఊ ఆగితే కథా ఆగాలి. చిన్నప్పుడు నేను నిద్రపోయిన చోటి నుంచే ఆమె మర్నాడు మొదలుపెట్టేది. ఆ మధ్యాహ్నం మొదటిసారి నేను చెబుతుంటే ఆమె ఊకొట్టింది, శాస్త్రవేత్త బుడ్డి పగలగొట్టేదాకా.

"రాచ్చసుడంటె మందిని దిన్నడు. గీడేం జేసిండు కొడుకా? బతికిచ్చి జెప్పు."

"పుస్తకంల గట్లనే ఉన్నదవ్వా. రాసినాయన సంపిండు, నేనెట్ల బతికిస్త?"

"నీ పుస్తకం పొయిల వెట్ట! ఆయన జూసొచ్చిండా? నువ్వు జెప్పు."

చదివినవాణ్ణన్న పొగరు నాది. ఊ లేకుండానే కథ ముగించాను. ఆమె గోడవైపు తిరిగింది. నాలుగో రోజు పోయింది. ఇప్పటికీ ఏ పుస్తకమైనా చివరి పేజీల్లోకి రాగానే, పక్కన ఎవరో ఊపిరి బిగబట్టినట్టుంటుంది.

నేను సైకిలు తొక్కిన దారంతా ఇప్పుడు అపార్టుమెంట్లే; కథ విని కోప్పడేవాళ్ళు మాత్రం కనబడరు. అందుకే మొన్న యంత్రానికి ముగింపు తప్పు చెప్పానని, పాపే తాళాలు దొంగిలించి ఆ బుడ్డిని మరమనిషి చేతిలో పెట్టిందని మనవరాలికి చెప్పాను. "పుస్తకంల గట్లనే ఉన్నదా తాతా?" అంటే, ఉందన్నాను.

తలుపులు మూసేదాకా కూర్చోనిచ్చిన లైబ్రరీ సారుకు, తప్పులు దిద్దిన తమ్ముడికి, టైపు చేస్తూ నా అబద్ధం పట్టుకున్న మనవరాలికి కృతజ్ఞతలు. ఆ కథ రాసినాయన పేరు గుర్తులేదు. ఎక్కడున్నా నన్ను మన్నించాలి. ఆయన మరమనిషి మా ఇంట్లో బతికే ఉన్నాడు.