సూర్యలంక ఒడ్డున వెదుళ్లకి కట్టిన చీరలు

విజయవాడ వన్ టౌన్‌లోని మా ఇంట్లో మంచం కింద ఏడాదిగా ఒక పెద్ద సంచి పడి ఉండేది. ఊడ్చిన ప్రతిసారీ చీపురుకి అడ్డం తగిలేది. మా ఆయన మురళి మస్కట్‌లో రెండేళ్లు ఉద్యోగం చేసి తిరిగొస్తూ తెచ్చుకున్న సామాను అది. అందులో మనిషి కంటే పెద్దవి రెండు గాలిపటాలు, వాటి తాళ్లు, గాలి కొట్టే పంపు, కాళ్లు బిగించుకునే పలక ఒకటి ఉన్నాయి. దీన్ని కైట్‌బోర్డింగ్ అంటారు. నడుముకి బెల్టు కట్టుకుని, గాలిపటం లాగుతుంటే పలక మీద నిలబడి నీళ్ల మీద జారిపోవాలి. 2008 వేసవిలో మురళి స్నేహితులు కూడా నేర్చుకుంటామని ముందుకొచ్చారు. జూన్‌లో అందరం కలిసి ఒక శని, ఆదివారాలు వెళ్దామనుకున్నాం. ఎక్కడికో, ఎలాగో తేల్చే పని నా మీద పడింది. కాలేజీలో టైంటేబుల్ వేసేది నేనే కాబట్టి, ఈపాటి ప్రయాణం నాకొక లెక్క కాదని నా ధీమా.

మంగినపూడి దగ్గరే కానీ అక్కడ కింద బురద, కాలు దిగబడుతుందని మురళి వద్దన్నాడు. ఇసుక కావాలంటే బాపట్ల పక్కన సూర్యలంకే. ముందు మేమిద్దరం ఒకసారి చూసి వద్దామని తెల్లవారుజామున ప్యాసింజర్ ఎక్కాం. తెనాలి మీదుగా బాపట్లకి రెండు గంటల పైనే పట్టింది. టిక్కెట్టు చవకే గానీ, సంచిని ఎక్కించడానికి ముగ్గురు తోటి ప్రయాణికులు చేయి వేయాల్సొచ్చింది. స్టేషను బయట షేర్ ఆటో అయితే మనిషికి పది రూపాయలు. సంచి చూసి ఆటో అతను మొత్తం బండికి నూటయాభై అడిగాడు.

"శవపేటికలా ఉందండీ ఇది. ఏంటి సార్ లోపల?" అన్నాడు.

"గాలిపటం" అన్నాడు మురళి.

అతను మా ఇద్దరి మొహాలూ చూసి, ఇంకేం అడగకుండా బండి స్టార్ట్ చేశాడు.

ఊరి బీచ్ దగ్గర జనం ఉంటారు, పైగా ఆ పక్క వైమానిక దళం వాళ్ల స్థలం. పోలీసు అవుట్‌పోస్టులో అడిగితే, గాలిపటం ఎగరేసేట్టయితే దక్షిణం వైపు దూరంగా వెళ్లమన్నారు. ఆటో ఇంకాస్త ముందుకి, మత్స్యకారుల ఇళ్లు ఓ పాతిక ఉన్న చోటికి తీసుకెళ్లింది. వెనక సరుగుడు తోట, ముందు వెడల్పాటి ఇసుక, లోతు లేని నీళ్లు. మురళి మొహం వెలిగిపోయింది. ఒడ్డున రెండు పొడవాటి వెదుళ్లు పాతి ఉన్నాయి. ఒకదానికి ఎర్రటి గుడ్డ, రెండోదానికి రంగు పూర్తిగా వెలిసిపోయిన గుడ్డ కట్టారు. రెండూ సముద్రం వైపు రెపరెపలాడుతున్నాయి.

"గాలి ఎటుందో చూసుకోవడానికి కట్టుకున్నట్టున్నారు. మనకి కలిసొచ్చింది" అన్నాను. మా బృందం వచ్చినప్పుడు ఆ వెదుళ్ల దగ్గరే దిగాలని మనసులో ఖాయం చేసేసుకున్నాను కూడా.

అయితే గాలి మాత్రం మాకు నచ్చలేదు. అది పడమటి గాలి, పొయ్యి ముందు నిలబడ్డట్టు వేడిగా నేల మీంచి సముద్రంలోకి వీస్తోంది. ఇలాంటి గాలిలో పలకెక్కితే మనిషిని లోపలికి తోసుకుపోతుంది, తిరిగి రావడం కష్టం. మధ్యాహ్నం దాటితే సముద్రం మీంచి చల్లగాలి తిరగొచ్చని, అప్పటిదాకా ఆగుదామని ఒక తాటాకు పాకలోకి వెళ్లాం. పాక నడిపే ఆవిడ పేరు నాగమణి, నలభై ఏళ్లుంటాయి. భోజనం పెడతారా అని అడిగాను.

"పెడతానండీ, కూర్చోండి. ముప్పై రూపాయలు. చేప మాత్రం నిన్నటిదండీ. ఇవాళ మా పడవ రాలేదు" అంది. గరిటె తిప్పుతూనే చూపు మాత్రం సముద్రం మీద పెట్టింది.

మాట కలుపుదామని, ఆ గుడ్డలు గాలి కోసమేనా అని అడిగాను. ఆవిడ గరిటె ఆపింది.

"గాలి కోసం కాదమ్మా. అవి చీరలు. ఎర్రది నాది. పక్కది మా కోటమ్మత్తది. వేటకెళ్లిన పడవ వేళకి రాకపోతే ఆ ఇంటావిడ తన చీర కడుతుంది. ఒడ్డు పొడుగునా సరుగుడు తోటలే కదండీ, నీళ్లలోంచి చూస్తే ఏ ఊరైనా ఒకటే. చీర కనపడితే ఇది మా ఒడ్డని మావాళ్లకి తెలుస్తుంది. కట్టిన మనిషే దించాలి. ఆయనొచ్చాకే దించాలి."

ఆవిడ భర్త వెంకటేశ్వర్లు, ఆయన తమ్ముడు నిన్న సాయంత్రం వెళ్లారట. పొద్దున్నే రావాల్సినవాళ్లు. ఏటా వేసవిలో ఉండే వేట నిషేధం ముగిసి అదే మొదటి వారం, ఇంజను నెలన్నరగా మూలపడి ఉంది. అది చెడి ఉంటుందని, పడమటి గాలి పడవని లోపలికి నెట్టేస్తోందని అందరి భయం. ఉన్న పడవలన్నీ వెతకడానికి వెళ్లాయి. ఒడ్డున మిగిలింది ఆడవాళ్లే.

"మరి కోటమ్మ గారిది?" అన్నాను.

"అది కట్టి ఏళ్లయిందమ్మా. ఎండకీ వానకీ చిరిగిపోతే దాని మీదే ఇంకోటి కడుతుంది. దించదు" అంది నాగమణి.

నాకు సిగ్గేసింది. పళ్లెంలో అన్నం కలిపాను గానీ తినకుండా పక్కన పెట్టేశాను. మురళి సగంలో చేయి కడిగేసుకుని లేచాడు. పలకేసుకుని నేను కూడా వెతుకుతానంటాడేమోనని చేయి పట్టుకున్నాను. "నీళ్లలోకి వెళ్లను. ఒడ్డు మీంచే ఎగరేస్తాను. వెదురు కంటే ఎత్తులో ఉంటుంది కదా" అన్నాడు.

నారింజ రంగు గాలిపటానికి పంపుతో గాలి కొట్టి, రెండోదాని తాళ్లు కూడా కలిపి పొడుగు చేశాడు. ఆడవాళ్లు నలుగురు దాన్ని పట్టుకుని నిలబెట్టారు. వదలగానే అది సముద్రం వైపు లేచి, సరుగుడు చెట్లకి రెట్టింపు ఎత్తులో నిలిచింది. దూరంగా ఉన్నవాళ్లకి ఇంతకంటే పెద్ద గుర్తు ఏముంటుందని నాకు కాస్త గర్వంగా కూడా అనిపించింది. నాగమణి మాత్రం తలెత్తి చాలాసేపు చూసి నా దగ్గరికి వచ్చింది.

"అమ్మా, కనపడుతుందండీ, కాదనను. కానీ అది మనదని ఆయనకెలా తెలుస్తుంది? మా ఒడ్డున ఎప్పుడూ లేనిది చూస్తే వేరే ఊరనుకోడా?"

ఆ ఆలోచన మా ఇద్దరికీ తట్టనేలేదు. గాలిపటాన్ని దించాం. వెదురు మీది చీర ముట్టుకోకూడదు కాబట్టి ఆవిడ ఇంట్లోకెళ్లి ఇంకొకటి తెచ్చింది. పసుపుపచ్చది, ఎర్ర అంచు. "ఇది కూడా ఆయనకి తెలుసు. బాపట్లలో ఆయన కొన్నదే" అంటూ మధ్య తాళ్లకి తనే ముడులేసింది. ఈసారి గాలిపటం కింద చీర బారుగా విచ్చుకుని ఎగిరింది.

రెండు గంటలప్పుడు గాలి పూర్తిగా పడిపోయింది. గాలిపటం ఒక్కసారి వణికి, చీరతో సహా నీళ్లలో కూలింది. మురళి తాళ్లు లాగి ఒడ్డుకి చేర్చాడు. నాగమణి చీర పిండి, ఇసుక మీద పరిచి, దాని పక్కనే కూర్చుంది. దాహమేస్తుందేమోనని నీళ్లిస్తే వద్దంది. ఆ గంటసేపు నాకు ఏ మాట అన్నా తప్పే అనిపించింది. రెండో వెదురు కింద కోటమ్మ కూర్చుని ఉంది, అరవై దాటిన మనిషి. ముందుగా చేయెత్తింది ఆవిడే.

"గాలి తిరిగిందే మణీ" అంది.

నిజమే, చెంప మీద చల్లగా తగిలింది. మళ్లీ ఎగరేస్తే గాలిపటం ఈసారి సముద్రం వైపు పోకుండా మా తలల మీదుగా వచ్చి తోట వైపు వాలి నిలబడింది. గాలి ఒడ్డుకి వీస్తోందన్న మాట. పడవలో ఓ గుడ్డ ముక్కన్నా ఎత్తితే చాలు, ఆ గాలే తెచ్చేస్తుంది. నాగమణి రెండు చేతులూ ఎత్తి దండం పెట్టింది. సముద్రానికో, గాలిపటానికో నాకు తెలియదు.

ఎండ తగ్గుతుండగా చుక్కలా ఒక పడవ కనపడింది, నీలం టార్పాలిన్ని తెరచాపలా కట్టుకుని. దగ్గరికొచ్చాక లెక్కపెట్టాం, ఇద్దరూ ఉన్నారు. నేను ఏడ్చేశాను. నాగమణి మాత్రం ఏడవలేదు. మోకాలి లోతు నీళ్లలోకెళ్లి భర్త మొహం కడిగి, నీళ్లు తాగించి, తర్వాత వచ్చి ఎర్ర చీర దించింది. ఎవరూ సాయం చేయలేదు, చేయకూడదు కూడా.

వెంకటేశ్వర్లు ఇంకో చెంబు నీళ్లు తాగాడు. "ఆ నారింజ రంగుది మధ్యాహ్నమే కనపడిందండీ. చీరాల వైపు కొట్టుకుపోయాం, ఇది మనూరు కాదనుకున్నాం. పసుపు చీర లేచాకే ఇటు తిప్పాం" అన్నాడు. ఆగి భార్య వైపు చూశాడు. "చీర అంత పైకెందుకెక్కిందో తెలీలేదు. కోపమొచ్చి తాటిచెట్టెక్కావనుకున్నా." అప్పుడేడ్చింది నాగమణి.

వెతకడానికి వెళ్లిన పడవలు కూడా ఒక్కొక్కటే వచ్చేశాయి. మేము సామాను సర్దుకోబోతుంటే కోటమ్మ వచ్చింది. నన్ను కాదు, మురళిని అడిగింది.

"బాబూ, గాలి ఇంకా ఉందిగా. నాది కూడా ఒక్కసారి అంత పైకి పంపుతారా? నా వెదురు ఎప్పుడూ పొట్టిదే. ఆయన కంటికి ఆనలేదేమోనని ఒక బెంగ. ఒక్కసారి పైకెళ్లి వస్తే ఇక దించేస్తాను."

మురళి తల ఊపాడు. ఆవిడే ముడి విప్పింది. పై చీర కింద ఇంకో చీర, దాని కింద ఇంకోటి, అన్నిటికంటే అడుగున దారపు పోగుల్లాంటి ఒక పీలిక. దాన్ని చేతికి చుట్టుకుని పై చీర మాకిచ్చింది. చిరుగుతుందేమోనని భయపడ్డాను. చిరగలేదు. వెలిసిన ఆ చీర సాయంత్రపు ఎండలో సరుగుడు తోట మీద చాలాసేపు ఎగిరింది. ఒడ్డున అందరూ తలలెత్తి దాన్నే చూశారు. కోటమ్మ ఒక్కతే అటు వీపు పెట్టి సముద్రాన్ని చూసింది. చీకటి పడబోతుండగా "చాలు బాబూ, దించండి" అంది. చీర మడిచి చంకలో పెట్టుకుని ఇంటికెళ్లిపోయింది. ఆ రాత్రి ఒడ్డున వెదుళ్లు రెండూ ఖాళీగా ఉన్నాయి.

రైల్లో తిరిగొస్తుంటే నా ధీమా నాకే గుర్తొచ్చింది. టైంటేబుల్ వేసినట్టు ప్రయాణం వేయొచ్చనుకుని వెళ్లిన దాన్ని. రైలు వేళ, ఆటో బేరం, భోజనం అన్నీ అనుకున్నట్టే జరిగాయి. ఒడ్డున కట్టిన గుడ్డని మాత్రం నా అవసరానికి తగ్గట్టు చదువుకున్నాను. ఒక మనిషి ఏళ్ల తరబడి దించలేకపోయిన చీర మీద మా విహారం లెక్క వేసుకున్నానన్నది ఇప్పటికీ గుచ్చుకుంటుంది. ఆ నెలాఖరున స్నేహితులతో మళ్లీ అక్కడికే వెళ్లాం. ముందు నాగమణి పాకలో కూర్చుని, పడవలన్నీ వచ్చాయని తెలుసుకున్నాకే సంచి విప్పాం. కోటమ్మ మా గాలిపటం కొస పట్టుకుని నిలబెట్టింది.

మీరూ ఆ వైపు వెళ్లేట్టయితే ఒక్క మాట. గాలి దిక్కు చూసుకోవడానికి ఒక కర్ర, ఒక గుడ్డ మీ ఇంటి నుంచే పట్టుకెళ్లండి.