మెర్ల్ అడిగిన పుల్లటి కీమా

నాలుగు రోజులుగా ఆర్డిస్ ఒక్క నిమిషం కుదురుగా కూర్చోలేదు. భర్త మెర్ల్ పోయింది మంగళవారం. బుధవారం ఇంట్లో ఉన్న అద్దాలన్నీ తుడిచింది. గురువారం పశువుల పాక కడిగింది. శుక్రవారం, ఆయన్ని పూడ్చే రోజు, తెల్లవారగానే నల్ల గౌను మీద పాత ఏప్రన్ కట్టుకుని పొయ్యి ముందు నిలబడింది.

అలా నిలబడకూడదు. మా అయోవా పల్లెల్లో చావు జరిగిన ఇంటివాళ్ళు గరిటె పట్టరు. శ్మశానం నుంచి వచ్చినవాళ్ళకి చర్చి కింది గదిలో భోజనం పెట్టడం ఆడవాళ్ళ సంఘం పని. నలుగురు ఎవరింట్లో వాళ్ళు ఐదేసి పౌండ్ల గొడ్డుమాంసం కీమా ఒకే కొలతతో వండి తెచ్చి, పెద్ద కరెంటు గిన్నెలో కలిపేస్తారు. దాన్ని బన్నుల మధ్య పెట్టి ఇస్తారు. ఆ కొలత మెర్ల్ అక్క వెల్డాది. డెబ్బై నాలుగేళ్ళ మనిషి, ఆ వంటగదిలో ఆవిడ గీసిందే గీత. ఆర్డిస్ ముప్ఫై ఒక్క ఏళ్ళుగా ఆవిడ కొలత ప్రకారమే వండుతోంది. ఊళ్ళో సగం మందిని ఆ తియ్యటి కీమాతోనే సాగనంపారు.

కానీ ఆస్పత్రి మంచం మీద మెర్ల్ అడిగింది ఒక్కటే.

"నా భోజనాలకి నీ కీమా పెట్టవే. మా అక్క పాకం వద్దు."

"ఛీ, ఏం మాటలవి" అని ఆర్డిస్ కసిరి, ఆ తర్వాత సరేనంది.

ఇంట్లో ఇద్దరికీ చిన్న మూకుట్లో ఆమె చేసేది వేరు. చక్కెర ఉండదు. వెనిగర్, ఆవపిండి, చివర్లో అరకప్పు పాలు లేని చిక్కటి కాఫీ. పెళ్ళైన కొత్తలో కాఫీ అందులో ఒలికిపోతే మెర్ల్ లొట్టలేసుకుంటూ తిన్నాడు. అప్పటి నుంచీ అదే.

నలుగురూ వండాల్సిన ఇరవై పౌండ్లూ ఆర్డిస్ ఒక్కతే రెండు పెద్ద గిన్నెల్లో వేయించింది. చేతులు వాటంతటవే పనిచేస్తున్నాయి, మనసు మాత్రం ఎక్కడెక్కడో తిరుగుతోంది. గిన్నెలకు తువ్వాళ్ళు చుట్టి కారు వెనక సీట్లో పెట్టింది. మలుపు తిరిగినప్పుడల్లా వెనక్కి చూసుకుంటూ, తొమ్మిదిన్నరకల్లా చర్చి వెనక గుమ్మం దగ్గర దిగింది.

గుమ్మంలోనే వెల్డా ఎదురైంది.

"ఏంటే ఇది? నీకేమైనా మతిపోయిందా? ఇవాళ నువ్వు ఈ గదిలో అడుగు పెట్టకూడదు."

"పక్కకి జరుగు వదినా. చేతులు కాలిపోతున్నాయి."

వెల్డా జరిగింది. గిన్నె మూత తీసి, చెంచాతో కొంచెం నోట్లో వేసుకుని కనుబొమలు ఎగరేసింది.

"దీనికోసమా ఇంత హడావిడి? ఇది నాదేగా. చక్కెర కూడా సరిగ్గా పడింది."

ఆర్డిస్ చెంచా లాక్కుని రుచి చూసింది. తియ్యగా ఉంది. రెండో గిన్నె మూత తీసింది. అదీ తియ్యగానే ఉంది. పెద్ద గిన్నె కనబడితే చాలు, ముప్ఫై ఒక్క ఏళ్ళ అలవాటు కొద్దీ చేతులు సంఘం కొలతకే పోయాయి. కాఫీ కాచింది కూడా. అది ఇంటి గట్టు మీదే చల్లారిపోయి ఉంటుంది.

 ఆర్డిస్ రెండు గిన్నెలకూ మూతలు పెట్టేసింది.

"ఇది కాదు వదినా. ఆయనకి మాటిచ్చాను. ఆయనకి నీది... నీ కీమా ఇష్టం లేదు. ఎప్పుడూ ఇష్టం లేదు."

 గిన్నెలు సర్దుతున్న సంఘం ఆడవాళ్ళు మిగతా ఇద్దరూ గోడకేసి చూస్తున్నారు.

"ప్రతిసారీ రెండేసి తినేవాడు కదే" అంది వెల్డా.

"నువ్వు చూస్తున్నావని."

వెల్డా ముఖం ఎర్రబడింది.  "వెధవ" అంది. "నలభై ఏళ్ళు నా ముందు నటించాడా, దొంగ వెధవ." అంటూనే ఏప్రన్‌తో కళ్ళు తుడుచుకుంది. ఫ్రిజ్ తెరిచి, జనం ఎక్కువొస్తే ఉండనీ అని దాచిన రెండు పౌండ్ల పచ్చి కీమా బయటకు తీసింది. కాలితో ఒక కుర్చీ ముందుకు తోసింది.

"కూర్చో. నువ్వు ముట్టుకోకూడదు. నోటితో చెప్పు, నేను చేస్తాను."

ఆర్డిస్ కూర్చుంది. ఉల్లిపాయ ఎంత వేయాలో చెప్పింది, వెనిగర్ ఎంత పోయాలో చెప్పింది. వెల్డా చేయి అలవాటుగా చక్కెర డబ్బా మీదకు పోయినప్పుడు "వద్దు" అంది. చివర్లో వెల్డా చర్చి పెద్ద కాఫీ పాత్ర కుళాయి తిప్పి అరకప్పు పట్టి, ముక్కు చిట్లించుకుంటూ పోసింది. రుచి చూసింది. మళ్ళీ ఒక చెంచా తీసుకుంది.

శ్మశానం నుంచి వచ్చాక అందరూ పెద్ద గిన్నె దగ్గర వరసకట్టారు. ఆ గదిలో ఆర్డిస్ కూర్చుని ఉండటం ఊరు మొదటిసారి చూసింది. వెల్డా స్వయంగా ఆ పుల్లటి కీమా బన్నులతో రెండు పళ్ళేలు తెచ్చి, ఒకటి ఆమె ముందు పెట్టి, రెండోదానితో ఆమె పక్కనే కూర్చుంది. బన్ను కొరికింది.

"నాకు కూడా పెట్టి ఉండాల్సిందే, ఆర్డిస్. ఇన్నేళ్ళలో ఒక్కసారైనా."

ఆర్డిస్ తింది. పుల్లగా, అడుగున కాస్త చేదుగా, సరిగ్గా ఆయనకిష్టమైనట్టే ఉంది. నాలుగు రోజుల తర్వాత ఆమెకు ఏడుపొచ్చింది. లేవకుండా, పళ్ళెం పట్టుకునే ఏడ్చింది.