టేపు చూసి లేచిన బాపమ్మ

ఇయ్యాల మనుషుల ఒంటి కొలతలు చదివే బయోలాజికల్ ఆంత్రోపాలజీ పీహెచ్‌డీకి ఆన్‌లైన్‌ల ఇంటర్వ్యూ అయింది. ఖర్చంతా యూనివర్సిటీయే పెట్టుకునే సీటు. "నడుము వంగిన ముసలోళ్ల ఎత్తు ఎట్ల కొలుస్తవో చూపియ్యి" అన్నది మేడం. మా చొప్పదండి ఇంట్ల నడుము వంగింది మా నాయిన తల్లి బాపమ్మ ఒక్కతే. మంచం మీద పండుకోమని, పక్కపొంటి టేపు పరిచిన. మా చర్చిల ఎవరన్న పోతే శవపెట్టెకు కొలత గట్లనే తీస్తరు. బాపమ్మ దిగ్గున లేచింది.

"నాకు పెట్టె చేపిస్తున్నవా బిడ్డా?"

"కాదే బాపమ్మా, నా సీటు కోసం. జర పండుకో."

"నిలబడ్తా. గిట్లనే కొలువు."

వంగిన నడుముతోనే గోడ పట్టుకొని నిలబడ్డది. గోడ పొంటి టేపు పట్టి గట్లనే కొలిచిన. మేడం ఏదో రాసుకున్నది.

సీటు సంగతి వచ్చే వారం తెలుస్తది. బాపమ్మ మాత్రం పొద్దటి సంది మంచమెక్కుతలేదు, కుర్చీలనే కునుకు తీస్తున్నది. గా కొలత శవపెట్టెకు కాదని ఎట్ల నమ్మియ్యాలెనో ఎవరన్న జర చెప్పుండ్రి.